డాబా వేడికి కంప్యూటరు లెక్క: ఎంపికలో గమనించవలసినవి

(వనస్థలిపురంలో జరిగిన మన సంఘం వేసవి ప్రత్యేక సమావేశంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



కార్యదర్శిగారు నాకు అప్పగించిన విషయం వింటే మనలాంటి వారికి దీనితో ఏం పని అనిపిస్తుంది. భవనాలలో వేడిని, చల్లదనాన్ని ముందుగానే లెక్కకట్టి చూపే కంప్యూటరు ప్రోగ్రాములు ఇప్పుడు చాలా ఉన్నాయి. వాటిలో దేన్ని ఎంచుకోవాలి, ఎంచుకొనేటప్పుడు ఏం చూడాలి అన్నది విషయం. నేను ఇంజనీరును కాను. ఇంజనీర్లు వేసిన ఎస్టిమేట్లను ముప్పై ఏళ్లకు పైగా సరిచూసి, నోటు రాసి, పైకి పంపిన గుమాస్తాను. అయినా ఈ పని నా మీద పడడానికి కారణం ఉంది. మన సంఘం హాలు పైకప్పు విషయం తేల్చడానికి కార్యవర్గం వేసిన ముగ్గురు సభ్యుల ఉపసంఘంలో నేనొకణ్ణి. రాబోయే సర్వసభ్య సమావేశంలో ఆ ఖర్చు మీద మీరంతా చెయ్యెత్తి నిర్ణయం చేయాలి. భవన నిధిలో ఉన్నది మన చందా సొమ్ము. అందుచేత విషయం పూర్తిగా మీ ముందుంచడం నా విధి.

మిత్రులారా, ఇది ఒక్క హాలు సంగతి మాత్రమే కాదు. 2015 మే నెలలో వచ్చిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేడికి ముందుగా లొంగేది పెద్ద వయసు శరీరమని వైద్యులు చెబుతూనే ఉన్నారు. మన వనస్థలిపురం ఒకప్పుడు ఉద్యోగుల ఒంటి అంతస్తు ఇళ్ల కాలనీ. చుట్టూ ఖాళీ జాగా, ఆ పక్క హరిణ వనస్థలి చెట్లు, సాయంత్రానికి చల్లగాలి. ఇప్పుడు పాత ఇళ్ల మీద అంతస్తులు లేచాయి, కొన్నిచోట్ల ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చాయి. కింది భాగం అద్దెకిచ్చి పై అంతస్తులో ఒంటరిగా ఉంటున్న దంపతులు, కుటుంబ పింఛనుతో బతుకుతున్న అక్కలు, వదినెలు మన సభ్యుల కుటుంబాలలో ఎందరో ఉన్నారు. వారి నెత్తిమీద ఉన్నది నేరుగా ఎండకు కాగే స్లాబు. కనుక పైకప్పు గురించి మనం నేర్చుకొనే నాలుగు ముక్కలు హాలుకే కాక ఇంటికీ పనికొస్తాయి.

ముందుగా వేడి ఎంతో ఒక గుమాస్తా లెక్క వేద్దాం. మే నెల మధ్యాహ్నం మన ప్రాంతంలో డాబా మీద ప్రతి చదరపు మీటరుకు సుమారు 900 వాట్ల ఎండ పడుతుంది. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. గుణిస్తే దాదాపు 84 కిలోవాట్లు. మనకు తెలిసిన మాటలో చెప్పాలంటే 110 హార్స్‌పవరు పైమాట. మన బోరు మోటార్లు ఎన్ని కలిస్తే అంతవుతుందో మీరే ఊహించండి. పాతబడి మాసిన సిమెంటు డాబా అందులో దాదాపు 70 శాతాన్ని పీల్చుకుంటుంది. కొత్తగా వేసిన మంచి తెల్ల పూత అయితే పావు వంతు మాత్రమే పీల్చి, మిగతాది ఆకాశంలోకి తిప్పికొడుతుంది.

పీల్చిన వేడి అంతా గదిలోకి రాదు. చాలా భాగం గాలికి, ఆకాశానికి తిరిగి పోతుంది. మిగిలినది స్లాబులోకి దిగుతుంది. ఎంత దిగుతుందో చెప్పడానికి ఇంజనీర్లు ఒక అంకె వాడతారు. దాన్ని యు విలువ అంటారు. బయటికీ లోపలికీ ఒక్క డిగ్రీ తేడా ఉంటే ఒక చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకె అది. ఐదారు అంగుళాల ఉత్త కాంక్రీటు స్లాబుకు అది మూడుకు పైగా ఉంటుంది. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ, అంటే బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, 2018 డిసెంబరులో నివాస భవనాల కోసం 'ఎకో నివాస్ సంహిత' తెచ్చింది. అందులో పైకప్పుకు పెట్టిన గరిష్ఠ పరిమితి 1.2. అంటే మన పాత డాబాలు ఆ హద్దుకు రెండింతలకు పైగా వేడిని లోపలికి వదులుతున్నాయన్న మాట.

ఇంతవరకు కాగితం మీద కూడికలు, గుణింతాలు చాలు. ఇబ్బంది ఆ తరువాత వస్తుంది. స్లాబు వేడిని వెంటనే వదలదు, దాచుకుంటుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు పీల్చినది సాయంత్రం, రాత్రి మన మీద దించుతుంది. బయట గాలి చల్లబడినా గదిలో మంచం కాగుతూనే ఉండడం మనకందరికీ అనుభవమే. ఈ ఆలస్యం ఎంత, కిటికీలు తెరిస్తే ఎంత తగ్గుతుంది, నలభై మంది కూర్చుంటే ఎంత పెరుగుతుంది, మబ్బు పట్టిన రోజు ఏమవుతుంది అన్నవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడినవి. సంవత్సరానికి 8,760 గంటలు. ప్రతి గంటకూ ఈ లెక్క మళ్లీ మళ్లీ వేయాలి. అది మనిషి చేతిలో పని కాదు. అక్కడికి కంప్యూటరు కావాలి.

ఇటువంటి ప్రోగ్రాములు నిన్న మొన్న పుట్టినవి కావు. 1973 నాటి చమురు సంక్షోభం తరువాత అమెరికాలో కరెంటు, ఇంధనం పొదుపు కోసం ప్రభుత్వమే డబ్బు పెట్టి వీటిని రాయించింది. అప్పటి వాటిలో డీఓఈ-2, బ్లాస్ట్ అనే రెండు పేరు పొందాయి. ఆ రెండింటి అనుభవాన్ని కలిపి 2001లో 'ఎనర్జీప్లస్' అనే ప్రోగ్రామును విడుదల చేశారు. అది ఉచితం. ఎవరైనా దింపుకొని వాడుకోవచ్చు.

మన అవసరానికి చూస్తే ఈ ప్రోగ్రాములు నాలుగు మెట్లుగా కనిపిస్తాయి.

మొదటి మెట్టు చిన్న క్యాలిక్యులేటర్లు. డాబా ఎంత, ఇప్పటి రంగు ఏమిటి, వేయబోయే పూత ఏమిటి అని నాలుగైదు వివరాలు అడిగి, ఆదా ఎంతో చెబుతాయి. మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీవారు ఇటువంటి కూల్ రూఫ్ క్యాలిక్యులేటరు తయారు చేశారు. పూత వేయాలా వద్దా అన్న ఒక్క ప్రశ్నకు ఇది చాలు.

రెండవ మెట్టు నిబంధనలకు సరిపోయిందా లేదా చూసేవి. ఇందాక చెప్పిన ఎకో నివాస్ సంహిత కోసం అటువంటి సాధనం ఉంది. కొత్తగా కట్టే అపార్ట్‌మెంటు గోడలు, కిటికీలు, కప్పు హద్దులో ఉన్నాయా అని చెబుతుంది. కానీ మీ గదిలో రాత్రి పదింటికి ఎంత వేడి ఉంటుందో అది చెప్పదు. దానికి ఆ పని పెట్టలేదు.

మూడవ మెట్టు సంవత్సరం పొడవునా గంటగంటకు లెక్క వేసేవి. ఎనర్జీప్లస్ ఈ కోవలోది. అది లెక్క బాగా వేస్తుంది గాని, బొమ్మలు గీసుకొనే సదుపాయం అందులో లేదు. అందుకని దాని మీద తొడుగులా పనిచేసే ఇతర ప్రోగ్రాములు వాడతారు. ఓపెన్‌స్టూడియో ఉచితం. డిజైన్‌బిల్డర్ డబ్బు పెట్టి కొనవలసినది, వాడకం సులువు. డీఓఈ-2 మీద నడిచే ఈక్వెస్ట్ కూడా ఉచితమే. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ట్రాన్సిస్ సౌర పరికరాల వంటి వాటిని కలిపి లెక్కించడానికి పేరు పొందింది.

నాలుగవ మెట్టు గాలి ప్రవాహాన్ని లెక్కించేవి. గదిని లక్షల చిన్న గళ్లుగా కోసి, ఒక్కొక్క గడిలో గాలి ఎటు, ఎంత వేగంతో పోతుందో, ఎంత వేడిగా ఉంటుందో గణిస్తాయి. ఆన్సిస్ ఫ్లూయెంట్ ఖరీదైనది, ఓపెన్‌ఫోమ్ ఉచితం. కంప్యూటర్లతో నిండిన డేటా సెంటర్లలో ఏ అల్మరా వెనుక వేడి చేరుతోందో, ఎలక్ట్రానిక్ పెట్టెలో ఏ చిప్పు కాలిపోతుందో చూడడానికి ఇవి తప్పనిసరి. ఎర్రగా, పసుపుగా, నీలంగా అందమైన బొమ్మలు వచ్చేది వీటి నుంచే. కాని ఇవి సాధారణంగా ఒక్క ఘడియ పరిస్థితిని చూపిస్తాయి. ఏడాది పొడవునా లెక్క వీటితో వేయాలంటే తడిసి మోపెడవుతుంది.

ఇక మన హాలు సంగతికి వస్తాను. హాలు మొదటి అంతస్తులో ఉంది, నెత్తిన స్లాబు, దానిమీద ఏమీ లేదు. సాయంత్రం నాలుగింటి సమావేశానికి వచ్చినవారిలో ఇద్దరు, ముగ్గురు కళ్లు తిరిగి కూర్చున్న సందర్భాలు మీకు గుర్తే. ఏసీలు పెట్టాలని కొందరు, పూత వేయించాలని కొందరు, రేకుల షెడ్డు వేయాలని మరికొందరు అన్నారు. ఇంతలో ఒక సలహా సంస్థవారు వచ్చి, ఖరీదైన ప్రోగ్రాముతో లెక్క కట్టి ఇస్తామని చెప్పి, నమూనాగా ఒక నివేదిక ఇచ్చారు. సంస్థ పేరు ఇక్కడ అవసరం లేదు. అట్ట మెరుస్తోంది, లోపల రంగు బొమ్మలున్నాయి. సారాంశం ఏమిటంటే పైకప్పు వల్ల వచ్చే వేడి స్వల్పం, కనుక పూత అనవసరం, నాలుగు ఏసీలు పెట్టడమే మార్గం అని.

ఇక్కడ నాకు నా పాత ఉద్యోగం అక్కరకొచ్చింది. మనలో చాలామందికి తెలిసిన సంగతే. ఎస్టిమేటు వచ్చినప్పుడు మనం ముందుగా చివరి పేజీలోని మొత్తం చూడం. డేటా షీటు చూస్తాం. రేటు ఏ సంవత్సరపు షెడ్యూలులోది, కొలతలు ఎక్కడివి, పరిమాణం ఎలా వచ్చింది అని చూస్తాం. మొత్తం ఎంత పొందికగా టైపు చేసినా, కొలత తప్పయితే ఎస్టిమేటు తప్పే. కాబట్టి మేము వారిని అడిగింది ఒక్కటే. "అయ్యా, బొమ్మలు బాగున్నాయి. మీరు కంప్యూటరుకు ఇచ్చిన వివరాల పట్టిక ఇవ్వండి."

రెండు మూడుసార్లు తిరిగాక పట్టిక వచ్చింది. అందులో మన హాలు కొలతలు సరిగానే ఉన్నాయి. కప్పు దగ్గరికి వచ్చేసరికి మాత్రం, ప్రోగ్రాముతోపాటు వచ్చే విదేశీ నమూనా కప్పును అలాగే వదిలేశారు. చలిదేశాలలో కప్పు లోపల వేడి దాటకుండా మందంగా ఇన్సులేషన్ వేస్తారు. ఆ కప్పు యు విలువ మన స్లాబుకు ఏ మాత్రం దగ్గర లేదు. అటువంటి కప్పు కింద కూర్చుంటే పైకప్పు వేడి స్వల్పంగాక మరేమవుతుంది? ప్రోగ్రాము లెక్కలో తప్పు లేదు. అది లెక్కించినది మన భవనాన్ని కాదు, అంతే.

మన సభ్యులొకరి మనవరాలు ఆర్కిటెక్చర్ చదువుతోంది. ఆ అమ్మాయిని కూర్చోబెట్టి, ఉచితంగా దొరికే ఓపెన్‌స్టూడియోలో మన అసలు స్లాబు మందం, మాసిన సిమెంటు రంగు, గోడలు, కిటికీలు పెట్టించాం. ఈ సారి హాలులోకి వేడి తెచ్చే వాటిలో పైకప్పు మొదటి స్థానానికి వచ్చింది. దాన్ని కూడా గుడ్డిగా నమ్మలేదు. రెండు డిజిటల్ థర్మామీటర్లు కొని, ఒకటి హాలు మధ్యలో, ఒకటి బయట నీడలో పెట్టి, పది రోజులు పగలు నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి పుస్తకంలో రాశాం. వాచ్‌మన్ కూడా శ్రద్ధగా రాశాడు. రాత్రి తొమ్మిదికి బయటికన్నా హాలే వేడిగా ఉందని ఆ పుస్తకం చూపింది. ఓపెన్‌స్టూడియో చెప్పిన తీరూ అదే. మెరిసే నివేదిక చెప్పిన తీరు అది కాదు. ఇంజనీరింగు శాఖలో ఎం.బుక్కు, దానిమీద చెక్ మెజర్‌మెంటు లేకుండా బిల్లు పాసు కాదు కదా. కంప్యూటరు లెక్కకు కూడా ఆ నియమమే వర్తిస్తుంది.

ఈ అనుభవం నుంచి, ఎవరైనా ఇటువంటి ప్రోగ్రాము ఎంచుకొనేటప్పుడు, లేదా ఇటువంటి లెక్క చేసే సంస్థకు డబ్బిచ్చేటప్పుడు అడగవలసిన ప్రశ్నలు ఆరింటిని మీ ముందుంచుతున్నాను.

మొదటిది. ఏ నిర్ణయం కోసం ఈ లెక్క? పూత వేయాలా వద్దా అన్నదానికి మొదటి మెట్టు చాలు. పూతా, ఇన్సులేషనా, ఏసీయా అని పోల్చాలంటే మూడవ మెట్టు కావాలి. ఫ్యాను, కూలరు గాలి హాలు చివరి వరుసకు అందుతోందా అన్న సందేహానికి నాలుగవది. చిన్న ప్రశ్నకు పెద్ద ప్రోగ్రాము తేవడం కందిపప్పు తూచడానికి లారీలు తూచే వేబ్రిడ్జికి వెళ్లినట్టు.

రెండవది. స్లాబు వేడిని దాచుకొని రాత్రి వదిలే సంగతి అది గంటగంటకు లెక్కలోకి తీసుకుంటుందా? పెద్ద భవనాలను కంప్యూటరు లెక్కతో నిరూపించదలచినవారు ఏడాదిలోని 8,760 గంటలకూ లెక్క చూపాలని 2017 నాటి ఇంధన పొదుపు భవన నియమావళి చెప్పింది. ఆ కొలబద్దనే మనమూ పట్టుకోవచ్చు.

మూడవది. ఏ ఊరి, ఏ సంవత్సరపు వాతావరణం పెట్టారు? హైదరాబాదుకు వాతావరణ దస్త్రం తయారుగా దొరుకుతుంది. మన దేశంలోని అనేక నగరాలకు ఇష్రే అనే ఇంజనీర్ల సంస్థ వీటిని సిద్ధం చేయించింది. అయితే అందులో ఉండేది చాలా ఏళ్ల నుంచి ఏరి కూర్చిన సగటు సంవత్సరం. కరెంటు బిల్లు అంచనాకు సగటు సంవత్సరం సరిపోతుంది. మనిషి ప్రాణం మీదికి వచ్చేది సగటు రోజున కాదు, పాడు వారంలో. నగరంలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. పెద్దలుండే చోటికి లెక్క కట్టేటప్పుడు అటువంటి వడగాడ్పు వారాన్ని కూడా పెట్టి చూపమని అడగాలి. వాతావరణ శాఖ హైదరాబాదు కొలతలు బేగంపేటవి. మన విజయవాడ రోడ్డు పక్క దుమ్ము, కాంక్రీటు వేరు.

నాలుగవది. మన బతుకు తీరు దానికి తెలుసా? తలుపులన్నీ మూసి, ఇరవై నాలుగు గంటలూ ఏసీ నడిచే ఆఫీసు వేరు. కిటికీలు తెరిచి, ఫ్యానేసుకొని, మధ్యాహ్నం కూలరు పెట్టుకొని, రాత్రికి ఒక్క గదిలో ఏసీ వేసుకొనే మన ఇల్లు వేరు. ఎనర్జీప్లస్‌లో తెరిచిన కిటికీని, నీటి కూలరును లెక్కించే ఏర్పాటు ఉంది. అన్నిటిలో ఉండదు. కూలరు పొడిగాలిలోనే బాగా పనిచేస్తుంది, వాన మొదలై గాలి తడిస్తే దాని బలం తగ్గుతుంది. ఫ్యాను కూడా గదిగాలి మన ఒంటి వేడిని మించినప్పుడు వేడిగాలినే మన మీద కొడుతుంది. ఈ రెండూ తెలియని లెక్క మనకు అక్కరకు రాదు.

ఐదవది. ఆ ప్రోగ్రాము పరీక్షకు నిలిచిందా? భవనాల వేడి లెక్కించే ప్రోగ్రాములను పరీక్షించడానికి ఆష్రే సంస్థవారి 140వ నంబరు ప్రమాణం ఉంది. ఒకే నమూనా భవనాన్ని వేరువేరు ప్రోగ్రాములకు ఇచ్చి, జవాబులు దగ్గరగా వస్తున్నాయా అని చూస్తారు. ఆ పరీక్ష ఫలితాలు ప్రకటించని ప్రోగ్రాము ఎంత ఖరీదైనా దూరం పెట్టండి. నిలిచిన వాటిలో ఉచితమైనవీ ఉన్నాయి.

ఆరవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది. ఇచ్చిన వివరాల పట్టికను, కంప్యూటరు దస్త్రాన్ని మనకు అప్పగిస్తారా? రేపు మరొకరు దాన్ని తెరిచి సరిచూడగలగాలి. ఎన్‌క్లోజర్లు లేని ఫైలు మీద మనమెన్నడైనా సంతకం పెట్టామా?

ఇతరుల అంకెలను వాడుకొనేటప్పుడు కూడా ఈ జాగ్రత్తే అవసరం. మన హైదరాబాదులోనే చేసిన ఒక మంచి పరిశోధన ఉంది. అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన హాషెం అక్బరీ, ఆయన సహచరులు ఇక్కడి రెండు వాణిజ్య భవనాల కప్పులకు తెల్ల పూత వేయించి, ముందూ తరువాతా పరికరాలతో కొలిచారు. 2011లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఉత్త కాంక్రీటు కప్పును తెల్లగా మారిస్తే ప్రతి చదరపు మీటరుకు ఏడాదికి 13 నుంచి 14 యూనిట్ల కరెంటు ఆదా అయింది. నల్లటి కప్పును మారిస్తే 20 నుంచి 22 యూనిట్లు. కాంక్రీటు కప్పు అంకెను మన 93 చదరపు మీటర్లతో గుణిస్తే పన్నెండు వందల యూనిట్లు దాటుతుంది. అమ్మకందారు ఈ అంకె చూపి మీకు ఆశ పెట్టవచ్చు. అయితే అవి రోజంతా ఏసీ నడిచే వాణిజ్య భవనాలు. ఏసీయే లేని ఇంట్లో బిల్లు అంత తగ్గదు, గది వేడి తగ్గుతుంది. లాభం అదే, కాని అది రూపాయల్లో కాక రాత్రి నిద్రలో కనబడుతుంది.

ఏసీ లేని ఇళ్లకు కూడా మన నగరంలో ఉదాహరణ ఉంది. 2017లో జీహెచ్‌ఎంసీ, ట్రిపుల్ ఐటీ, ఆస్కీ, ఎన్‌ఆర్‌డీసీ కలిసి దేవరకొండ బస్తీలో 25 పేదల ఇళ్ల కప్పుల మీద ఎండను తిప్పికొట్టే తెల్లని పొర పరిచారు. ఆ పొర లేని ఇళ్లతో పోలిస్తే లోపలి గాలి సగటున 2 డిగ్రీలు తక్కువగా ఉందని తేలింది. రెండు డిగ్రీలేగా అనకండి. జ్వరం 100 నుంచి 102కి పోతే మనం ఊరుకుంటామా?

ఇటువంటి ఫలితాల తరువాత 2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లని కప్పుగా మార్చాలన్నది అందులోని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు పైబడిన స్థలాల్లో కట్టే ఇళ్లకు తప్పనిసరి చేశారు. మన కాలనీలోని నూటయాభై, రెండు వందల గజాల ఇళ్లకు అది ఐచ్ఛికం. అంటే మన డాబా సంగతి మనమే పట్టించుకోవాలి.

పూత గురించి కూడా ఒక హెచ్చరిక. డబ్బా మీద రాసిన అంకె కొత్త పూతది. మన రోడ్ల దుమ్ము, లారీల పొగ, వానల పాచి పట్టాక తెలుపు తగ్గుతుంది, దాంతో లాభమూ తగ్గుతుంది. అందుచేత లెక్క కట్టించేటప్పుడు కొత్త పూతకు ఒకసారి, మాసిన పూతకు ఒకసారి వేయించి, మాసిన అంకె మీదనే నిర్ణయం చేయాలి. ఏటా ఉగాదికి ముందు డాబా కడిగించాలి. చలికాలంలో తెల్ల కప్పు ఇల్లు మరీ చల్లబడదా అని మన ఉపసంఘంలో ఒకరు అడిగారు. మంచి ప్రశ్న. ఏడాది పొడవునా లెక్క వేసే ప్రోగ్రాము ఉపయోగం ఇటువంటి చోటే తెలుస్తుంది. మన హాలుకు డిసెంబరు రాత్రుల తేడా స్వల్పమని, మే నెల లాభమే ఎక్కువని అందులో తేలింది.

ఏసీ టన్నుల లెక్క కూడా తెలుసుకోవడం మంచిది. మంచుగడ్డలతో చల్లబరచిన కాలం నుంచి వచ్చిన మాట అది. అమెరికా వారి ఒక టన్ను మంచు ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి పీల్చుకుంటుందో, అంత వేడిని తోడేసే శక్తి ఒక టన్ను. అంటే సుమారు మూడున్నర కిలోవాట్లు. కప్పును అలాగే వదిలి ఏసీలు పెడితే, చిల్లు కుండలో నీళ్లు పోస్తున్నట్టు ఆ టన్నులన్నీ స్లాబు వేడిని తోడడానికే పోతాయి. ముందు కప్పు బాగుచేస్తే తరువాత చిన్న ఏసీ చాలవచ్చు, లేదా ఫ్యాన్లతోనే గడిచిపోవచ్చు.

కాబట్టి ఉపసంఘం తరఫున మూడు ప్రతిపాదనలు చేస్తున్నాను. ఒకటి, ఆ ఏసీల ఎస్టిమేటును ప్రస్తుతానికి పక్కన పెట్టి, ముందుగా హాలు కప్పుకు నీరు కారకుండా మరమ్మతు, ఆపైన తెల్ల పూత వేయించాలి. రెండు, పూత వేసిన తరువాత కూడా అవే థర్మామీటర్లతో పది రోజులు కొలిచి, ముందు రాసిన పుస్తకంలోనే రాయాలి. లాభం ఎంతో అందరికీ కనబడేట్టు నోటీసు బోర్డు మీద పెట్టాలి. అది చూశాకే ఏసీల సంగతి. మూడు, ఇది అన్నిటికన్నా ముఖ్యం. సంఘం సభ్యుల జాబితా మన దగ్గర ఉంది. అందులో డెబ్భై ఐదేళ్లు దాటి, పై అంతస్తులో ఒంటరిగా ఉంటున్నవారి పేర్లు వేరుగా రాసి, ఆ రెండు థర్మామీటర్లను వంతులవారీగా వారి ఇళ్లలో పెట్టించాలి. ఎక్కువ కాగుతున్న డాబాలకు పూత వేయించుకోవడానికి సంఘం సాయపడాలి. వడగాడ్పు రోజుల్లో మధ్యాహ్నం వారికి ఒక ఫోను చేయడానికి వీధికొకరు బాధ్యత తీసుకోవాలి. నాది రాసుకోండి, మా వీధికి నేను చేస్తాను.

ఏ ప్రోగ్రాము మంచిదని ఇంతసేపూ మీరు ఎదురుచూసి ఉంటారు. మన పనికి ఎనర్జీప్లస్ మీద నడిచే ఉచితమైన ఓపెన్‌స్టూడియో సరిపోయిందని చెప్పగలను. రేపు ఇంతకంటే మంచిది రావచ్చు, తప్పక వస్తుంది. పేరు మారినా పద్ధతి మారదు. మన కప్పును మనదిగా లెక్కలో పెట్టారా, లెక్కను కొలతతో సరిచూశారా అని అడగడం మానకండి. సర్వీసంతా ఆ ప్రశ్నలడిగి ఖజానా సొమ్ము కాపాడినవాళ్లం. ఇప్పుడు మన తోటివారి ఆరోగ్యం కోసం అడుగుదాం.

 బయట మజ్జిగ సిద్ధంగా ఉందని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు. అందరూ తాగి, ఎండ తగ్గాకే ఇళ్లకు బయలుదేరవలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.